'అసాతీర్' – అనువాదంలో ఒక చిక్కు

'మిథ్' అనే ఆంగ్లపదం నేడు రెండు అర్థాల్లో చెలామణి అవుతోంది. పత్రికల్లో అది అబద్ధమని తేలిన అపోహ. మతాలను అధ్యయనం చేసే పండితుల వద్ద అది ఒక జాతి పవిత్రంగా చెప్పుకునే ప్రాచీన గాథ. నిజమా కాదా అన్న తీర్పు ఆ మాటలో ఉండదు. (తెలుగులో 'మిథ్య' ఉన్నందున మొదటి అర్థమే మనవారికి ముందు తడుతుంది. నిజానికి ఆ రెంటికీ చుట్టరికం లేదు.) ఆధునిక అరబ్బీ దీనికి 'ఉస్తూరా'ను సమానార్థకంగా స్వీకరించింది. చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

'ఉస్తూరా' బహువచనం 'అసాతీర్'. దివ్య ఖుర్ఆన్‌లో ఇది 9 చోట్ల వస్తుంది; ప్రతిసారీ 'అసాతీరుల్ అవ్వలీన్' అనే, ప్రతిసారీ సత్యతిరస్కారుల నోటనే. తెలుగులో దీన్ని 'పూర్వుల కట్టుకథలు' అనడం పరిపాటి. కాని ఆ మాట ధాతువులో ఉన్నది కట్టడం కాదు, రాయడం; 'సతర్' అంటే పంక్తి. ఫుర్ఖాన్ సూరా 5వ ఆయతులో వారి ఆరోపణ గమనించండి: ప్రవక్త (స) వాటిని రాయించుకున్నారట, ఉదయం సాయంత్రం ఎవరో ఆయనకు చదివి వినిపిస్తున్నారట! మోమినూన్ సూరా 83వ ఆయతులోనైతే, మరణించాక తిరిగి లేపబడతామన్న వాగ్దానం తమ తాతముత్తాతలకూ చేసిందేనని ఈసడింపు. అంటే వారి దృష్టిలో ఇది దైవవాణి కాదు, ఎప్పటివో పాత రాతలు. 'కట్టుకథ' అనగానే ఆ రాత సంగతి జారిపోతుంది, అబద్ధమన్న ఆరోపణ ఒక్కటే మిగులుతుంది.

పండితులూ ఈ చిక్కులో పడ్డారు. 1947లో ముహమ్మద్ అహ్మద్ ఖలఫుల్లాహ్ కైరోలో ఖుర్ఆన్ కథాకళపై సమర్పించిన సిద్ధాంతగ్రంథం, ఆ కథల్లో 'ఉస్తూరా' అంశాన్ని అంగీకరించినందుకు దుమారం రేపి తిరస్కరణకు గురైంది. ఖుర్ఆన్ తన గాథలకు వాడుకున్న మాట 'ఖసస్'. దాని మూలార్థం అడుగుజాడ పట్టి వెళ్లడం. ప్రత్యర్థుల మాటను తెచ్చి దీని స్థానంలో నిలపడం సబబు కాదు.

మన ఉపన్యాసకులు కొందరు 'పుక్కిటి పురాణాలు' అంటారు. ఇది మరీ అన్యాయం. పురాణమంటే పాతదే కనుక 'అవ్వలీన్'కు దగ్గరగానే ఉందనిపించవచ్చు. కాని పొరుగువారికి అది పూజనీయ గ్రంథాల పేరు. మక్కావారి ఎగతాళిని తెలుగు చేయడానికి ఆ పేరును తిట్టుగా మార్చాలా? 'అసాతీర్' వచ్చే అన్ఆమ్ సూరాలోనే 108వ ఆయతు, ఇతరులు ఆరాధించేవాటిని దూషించవద్దని వారించింది.

'పూర్వుల రాతలు' అంటే సరిపోతుంది. 'రాతలు' అనే తెలుగు మాటలో కాస్త చులకన కూడా ఉంది. మక్కావారి గొంతులో పలికిందీ అదే.