సరంగు వద్దంటే పడవ ఆగాలి

పాకాల జంక్షన్‌లో ఎర్ర సిగ్నల్ పడితే రైలు ఆగుతుంది. ప్రయాణికులు ఎంత గొడవ చేసినా లోకో పైలట్ బండిని కదిలించడు. అతని వెనక శిక్షణ, పరీక్ష, నిబంధన ఉన్నాయి. ఇదే తిరుపతి జిల్లాలో, తడ దగ్గరి భీమునివారిపాళెం నుంచి పులికాట్ సరస్సులోకి జనాన్ని తీసుకెళ్లే పడవను నడిపే సరంగు వెనక ఎవరున్నారు? పడవ నడిపేవాళ్లకు లైసెన్సు తప్పనిసరి అని నేను పట్టుబట్టేది అందుకే. అది తప్పు చేసినవాణ్ణి పట్టుకోవడానికే అనుకుంటాం. యజమానితో ‘ఈ పూట తియ్యను’ అనగలిగే బలం కూడా దానివల్లే రావాలి. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమంలో బోల్తాపడిన పడవకు అనుమతే లేదు. ఇరవై మందికి పైగా పోయారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర 77 మందితో లాంచీ మునిగిన రోజు గోదావరి వరద మీద ఉంది. 26 మందే బతికారు. 2023 మే 7న కేరళలోని తానూరులో, చేపల పడవను విహార పడవగా మార్చి, పరిమితికి మించి ఎక్కించుకున్నారు. 22 మంది చనిపోయారు. ఈ మూడూ ఒడ్డు వదలకముందే ఆపగలిగినవి.

తరతరాలుగా నీటి మీద బతికిన మత్స్యకారులకు కొత్తగా ఎవరేం నేర్పాలి అంటారు. నిజమే, గాలి పోకడ వాళ్లకు తెలిసినంతగా ఏ అధికారికీ తెలియదు. పరీక్ష పెట్టేవాళ్లలో వాళ్ల పెద్దలూ ఉండాలి. కానీ వల వేసుకుని తోటివాళ్లతో వెళ్లడం వేరు, ఈత రాని ముప్పైమందిని ఎక్కించుకోవడం వేరు. ఫ్లెమింగోలు కనిపించాయని అందరూ ఒక పక్కకు జరిగితే పడవ ఒరుగుతుంది; పై అంతస్తులో నిలబడి ఉంటే మరీ తొందరగా. 2011 డిసెంబరు 25న ఇదే పులికాట్‌లో, తమిళనాడు వైపు, విహారానికి వెళ్లిన 22 మందిని పోగొట్టుకున్నాం. జనాన్ని కూర్చోబెట్టడం, లైఫ్ జాకెట్ తొడిగించడం, ఎక్కువైనవాళ్లను దింపెయ్యడం విడిగా నేర్చుకోవలసిన పనులు.

1917 నాటి చట్టం స్థానంలో 2021లో వచ్చిన ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం ఇంజను పడవల సిబ్బందికి యోగ్యతా పత్రం ఉండాలనే అంటోంది. అది రేవు దాకా రావాలి. పేదవాడి మీద ఇంకో భారం అన్న అభ్యంతరాన్ని మాత్రం తేలిగ్గా కొట్టెయ్యలేం. అందుకే సొంత బతుకుతెరువుకు చేపలు పట్టేవాళ్లను ఇందులోకి లాగకూడదు. ప్రయాణికులను ఎక్కించుకునేవాళ్లకు పరీక్ష రేవులోనే, తెలుగులో, నోటిమాటగా జరగాలి. ఫీజు టికెట్ డబ్బుల్లోంచి కట్టాలి. గాలి బాగాలేదని సరంగు పడవ కట్టేసిన రోజుకూ కూలి ఇవ్వాలి. అతను వద్దన్నాక ఇంకొకణ్ణి ఎక్కించి పడవ పంపిన యజమాని అనుమతి ఆ రోజే రద్దు కావాలి.