కుర్చీ లేని చైనా

పుస్తకాల మీద విమర్శలు రాసేవారున్నారు. సినిమాల సంగతి సరేసరి, ఇంటర్వెల్‌కి ముందు ఎలా వుంది, తరవాత ఎలా వుంది అని విడదీసి మరీ మార్కులు వేస్తారు. రోజుకి మూడు పూటలా నోట్లోకి వెళ్లే తిండి మీద మాత్రం విమర్శంటే, ఇంటాయన కంచం ముందు కూర్చుని "ఉప్పు తగ్గింది" అనటం ఒక్కటే. ఆ విమర్శకుడికి వంట రాదు. నాకొచ్చు. ముప్పయ్యేళ్లుగా ముసునూరులో ఇంటిల్లిపాదికీ, రసాల కాలం వస్తే తోటలో కాయ కోసే మనుషులకీ కలిపి వండుతున్నదాన్ని. అంచేత బెజవాడ రోడ్ల పక్కన 'చైనీస్ ఫాస్ట్ ఫుడ్' అని ఎర్రక్షరాల బోర్డు కట్టిన బళ్ల మీద ఒక విమర్శ రాసే హక్కు నాకుందనుకుంటాను. కాదనేవారెవరైనా వుంటే ముందు ఇరవైమందికి పులిహోర కలిపి చూపించండి, తరవాత మాట్లాడుకుందాం.

అసలు మేము ఆ బళ్ల దాకా ఎలా వెళ్లామో చెప్పాలి. మా తోడికోడలికి థైరాయిడ్. మూడు నెలలకోసారి బెజవాడ వెళ్లి రక్తం ఇచ్చి డాక్టరుగారిని చూసి రావాలి. 2022 ఏప్రిల్లో మా మండలం ఏలూరు జిల్లాలోకి వెళ్లింది గానీ, కాగితాల మీద జిల్లా మారినంత తేలిగ్గా ఆస్పత్రులు మారవు కదా. తోడు నేను. తెల్లారగట్ల లేచి, ఇంట్లో వాళ్ల మధ్యాహ్నం వంట కూడా చేసి మూతలు పెట్టి, మాకింత డబ్బాలో కట్టుకుని, నూజివీడు మీదుగా బస్సు. రక్తం ఇచ్చాక రిపోర్టు మధ్యాహ్నం దాటితే గాని రాదు. పన్నెండింటికి ఏ మెట్ల మీదో, బస్టాండు బెంచీ మీదో కూర్చుని డబ్బా తెరిస్తే, పొద్దున మనం కలిపిన పులిహోరే మళ్లీ మనకేసి చూస్తూ వుంటుంది. ఆరేళ్లు అలాగే తిన్నాం. ఒకనాడు తోడికోడలు డబ్బా మూత తీసి, చూసి, మళ్లీ పెట్టేసింది.

"అక్కయ్యా, నేను వండనిది ఒక్క పూట తినాలని వుందే" అంది.

నవ్వుతూ అన్నట్టే అంది. కానీ మీకూ తెలుసుగా, కొన్ని మాటలు నవ్వుతూనే అంటాం.

సరే, ఎక్కడ తినాలి? గాంధీనగర్‌లో 1942 నుంచీ వున్న బాబాయి హోటల్ ఇడ్లీ, దాని మీద వెన్న... ఆ ఇడ్లీకి వంక పెట్టటానికి నాకు నోరు రాదు. కానీ ఇడ్లీ మా ఇంట్లో వారానికి మూడు రోజులు మేమే వేస్తాం. ఆవిడ అడిగింది ఇంట్లో లేనిది. ఏ.సీ. గదుల్లో థాయిలాండు వంట, కొరియా వంట అని పెట్టే హోటళ్లు ఇప్పుడు బెజవాడలోనూ వున్నాయి. ఒకదాని గుమ్మంలో పెట్టిన ధరల పట్టిక చదివి, అదేదో చీరల ధరల్లా వుంటే, ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని మెట్లు దిగేశాం. మందులకి పోను చేతిలో మూడొందలున్నాయి. అలా బండి దగ్గర తేలాం. ప్లేటు ఎగ్ ఫ్రైడ్ రైస్ డెబ్బై రూపాయలు.

ఇక విమర్శలోకి వస్తాను. మొదట ఆ వంటవాడి చేతివాటం చూడాలి. వంటింట్లో బతికినవాళ్లకి తప్ప ఆ పనితనం అర్థం కాదు. పొయ్యి విమానంలా రొద చేస్తుంది. మన ఇంటి పొయ్యి మంటకి నాలుగింతలుంటుంది. అన్నం ముందే పలుకుగా వండి, ఆరబెట్టి వుంచుతాడు, చల్లారిన మెతుకు ముద్ద కాదు కనక. నూడిల్స్ ఉడికించి, వార్చి, నూనె పట్టించి పక్కన పెడతాడు. క్యాబేజీ, క్యారెట్, ఉల్లికాడలు దారంలా తరిగి వుంటాయి. ఎవరైనా అడగ్గానే మూకుట్లో నూనె, వెల్లుల్లి, గుడ్డు, అన్నం, పైన సోయా సాసు, వెనిగరు. మూకుడు ఎగరేస్తే మెతుకులన్నీ గాల్లోకి లేచి మళ్లీ అందులోనే పడతాయి. మూడు నిమిషాల్లో ప్లేటు. నలుగురికి కలిపి ఒకేసారి ఇంట్లో చేసి, ముద్దయిపోయిందని బాధపడే అక్కచెల్లెళ్లకి ఒక మాట: మన పొయ్యికి అంత వేడి లేదు. ఒక్కొక్క ప్లేటుకి సరిపడా విడివిడిగా చేసుకోండి, పొడిపొడిగా వస్తుంది.

ఈ బళ్ల మీద చదువుకున్నవాళ్లు వేసే మొదటి నింద 'ఇది అసలు చైనా వంటే కాదు' అని. నిజమే, కాదు. అయితే ఏం? చైనా వాళ్లు మన దేశానికి నిన్న మొన్న రాలేదు. వారన్ హేస్టింగ్స్ కాలంలోనే అచ్చూ అనే చైనా ఆయన కలకత్తా దగ్గర హుగ్లీ ఒడ్డున చెరకు వేసి చక్కెర మిల్లు పెట్టాడు. ఆ వూరిని ఇప్పటికీ ఆయన పేరుతో అచ్చీపూర్ అనే అంటారు. తరవాత వచ్చిన హక్కా జాతివాళ్లు కలకత్తాలోని టాంగ్రాలో తోళ్ల పరిశ్రమ పెట్టుకున్నారు. వాళ్లు తమకోసం వండుకున్నది మెల్లిమెల్లిగా మన కారం, మన మసాలా కలుపుకుని వేరే వంటయింది. మన పిల్లలు ప్రాణం పెట్టే మంచూరియా కథ ఇంకా తమాషా. కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ అనే చైనా వంటవాడు 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్బులో, ఏదైనా కొత్తది చెయ్యమని అడిగితే, అల్లం వెల్లుల్లి పచ్చిమిర్చి వేయించి, గరం మసాలా బదులు సోయా సాసు పోసి, అందులో పిండిలో ముంచి వేయించిన కోడి ముక్కలు వేశాడు. దానికి మంచూరియా అని పేరు పెట్టాడు. చైనాలో వున్న మంచూరియాకీ దీనికీ, మైసూరుకీ మైసూరు బజ్జీకీ వున్నపాటి సంబంధం కూడా లేదు. అల్లం వెల్లుల్లి పచ్చిమిర్చి పోపు వేశాక అది మనింటి పిల్లే అయిపోయింది. మేనమామ పోలికలు రాలేదని బిడ్డని తప్పు పడతామా?

కనక పరాయిదనే నింద కొట్టేస్తున్నాను. ఇక వంటల వారీగా నా తీర్పు.

ఫ్రైడ్ రైస్‌కి మంచి మార్కులే. సాసు చుక్కలతో సరిపెట్టే వంటవాడైతే ఇంకా మంచివి. మెతుకుకి పొగ వాసన పడుతుంది చూడండి, అది ఇంట్లో రాదు. నూడిల్స్ వేడి మీద బాగానే వుంటాయి గాని, చల్లారితే నూనె నాలిక్కి అంటుకుపోతుంది.

వెజ్ మంచూరియాకి సున్నా. పేరుకి కూరగాయలు, నిజానికి క్యాబేజీ తురుము, మైదా. వేయించిన ఉండని మళ్లీ సాసుల్లో ముంచుతారు. మొక్కజొన్న పిండి కలిపిన నీళ్లు పోసి జిగురెక్కిస్తారు. పైగా ఆ ఎరుపు! పెళ్లి శుభలేఖ కూడా అంత ఎర్రగా వుండదు. మిరపకాయ ఎంత ఎర్రగా వుంటుందో మన ఆడవాళ్లకి ఒకరు చెప్పాలా? 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు వెయ్యకూడదని నిషేధించింది. మన దగ్గర మనమే అడగాలి. "రంగు వెయ్యకుండా చెయ్యి బాబూ" అని నేనడిగాను. చేశాడు. చామనఛాయలో వచ్చింది. రుచి మాత్రం మునుపటిదే, అంటే సున్నాయే.

మోమోలకి మొదటి బహుమతి. తిబ్బత్తు, నేపాలు వాళ్ల వంట అది. సన్నని మైదా పొరలో కూర పెట్టి, కొస మడిచి, ఆవిరి మీద ఉడికిస్తారు. మా వినాయక చవితి కుడుములకి దూరపు చుట్టంలా వుంటుంది. నూనె తక్కువ, రంగు లేదు, ఎదురుగా ఆవిరి గిన్నెలోంచి తీసి పెడతాడు. ఆ ఎర్ర చట్నీ ఒక్కటే చూసుకుని వేసుకోండి. మా తోడికోడలు గుంటూరు జిల్లా ఆడపడుచు, ఆవిడకే కన్నీళ్లొచ్చాయి.

అజినమోటో మాట ఎత్తకపోతే పాఠకురాళ్లు వూరుకోరని తెలుసు. పేరు వినగానే విషం అన్నట్టు చూస్తాం. కికునే ఇకెడా అనే జపాను ప్రొఫెసరు 1908లో, సముద్రపు నాచు వేసి కాచిన చారుకి అంత రుచి ఎందుకొస్తుందో పరిశోధించి కనిపెట్టిన ఉప్పు అది. ఆ రుచినిచ్చే పదార్థం మన టమాటాలోనూ సహజంగా వుంటుంది. 1968లో అమెరికాలో ఒక డాక్టరు, చైనా హోటల్లో తింటే తనకి మెడ వెనక మొద్దుబారుతోందని, గుండె దడగా వుంటోందని వైద్య పత్రికకి ఉత్తరం రాశాడు. కారణం ఇదీ అని తేల్చలేదు, అజినమోటో కావచ్చునన్నాడు, సాసు కావచ్చునన్నాడు. అపవాదు మాత్రం అజినమోటోకే అంటుకుంది. మామూలుగా తినేపాటిలో అది హాని చేస్తుందని తరవాతి పరీక్షల్లో రుజువు కాలేదు. నా అభ్యంతరం వేరు. ఒక చెంచా వేస్తే ఏ చప్పటి కూరయినా రుచిగా అనిపిస్తుంది కాబట్టి వంటవాడు బద్ధకిస్తాడు. నాలుగు బళ్ల దగ్గర తిన్నాను, కళ్లు మూసుకుంటే ఏది ఏ బండిదో చెప్పలేకపోయాను. బళ్ల మీద అసలు ఫిర్యాదు ఇదే అనుకున్నాను మొదట్లో.

కాదు. అసలు ఫిర్యాదు కూర్చునే చోటు.

మా మొదటి ప్లేటు మేము నుంచుని తిన్నాం. భుజాన సంచీ, చంకలో రిపోర్టుల కవరు, ఒక చేతిలో ప్లేటు, ఇంకో చేత్తో పైట సర్దుకోవాలా, చెంచా పట్టుకోవాలా? చుట్టూ కాలేజీ కుర్రాళ్లు. వాళ్లు పాపం మా వంక చూడను కూడా చూడలేదు, అయినా సగం తినేసరికి ఎవరో తరుముతున్నట్టుంది. పాత రోజుల్లో హోటళ్లలో 'ఫ్యామిలీ రూములు కలవు' అని రాసి వుండేది గుర్తుందా? చెక్క అడ్డు, ఒక మాసిన పరదా, లోపల బల్ల. మొగుడో అన్నో వెంట వుంటేనే అందులోకి వెళ్లేవాళ్లం. ఆ పరదా పోయినందుకు నాకు బెంగ లేదు. దాంతోపాటు బల్ల కూడా పోయింది, అదీ నా బాధ. తక్కువ డబ్బుతో తినాలంటే నుంచోవాలి, కూర్చోవాలంటే మూడింతలు ఇవ్వాలి అన్న లెక్క మగవాడికి పెద్ద ఇబ్బంది కాకపోవచ్చు. ఆరు గంటలకి బస్సెక్కిన ఆడదానికి, తిండికన్నా ముందు కాళ్లు చాపుకునే జాగా కావాలి. చెయ్యి కడుక్కునే నీళ్లు కావాలి. ఇంకొకటి కూడా కావాలి, దాని పేరు పత్రికలో రాయను గానీ, ఆ కారణంగానే పొద్దుట్నుంచీ మంచినీళ్లు తాగకుండా గడిపే ఆడవాళ్లు నాకెందరో తెలుసు.

పనిలో పనిగా ఇంకొక మాట. కడిగే పని తప్పుతుందని ప్లేటు మీద పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి, దాని మీద పొగలు కక్కే అన్నం పెడతారు. అరిటాకుల దేశంలో ఇదేం ఖర్మ? అడిగితే కొందరు తీసేస్తారు. అడగండి.

ఆ రోజు సాయంత్రం ఇంటికొచ్చాక మా అత్తగారు "ఏం తిన్నారే?" అన్నారు. "పులిహోరేనండీ" అన్నాం ఇద్దరం ఒక్క గొంతుతో. నలభై దాటిన కోడళ్లం, సొంత డబ్బులతో డెబ్బై రూపాయల అన్నం తిని అబద్ధమాడాం. సింకు దగ్గర డబ్బా తెరిచి చూస్తే పులిహోర అలాగే వుంది. ఆవిడే చూశారు. ఏమీ అనలేదు. రెండ్రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు, "అదేదో మీరు తిన్నది, ఈసారి వెళ్లినప్పుడు నాక్కూడా కాస్త పట్రండే" అన్నారు.

తెచ్చాం. రెండు గంటల బస్సు ప్రయాణంలో ఆవిరికి పొట్లం మెత్తబడి ముద్దయింది. ఆవిడ వేళ్లతో విడదీసి, నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని, "ఇది మన తిరగమోత అన్నమే కదటే. రాత్రి మిగిలిందానికి నేను వేసేదాన్ని" అన్నారు. నేనింత చరిత్ర చదివి చెప్పింది ఆవిడ నాలుగు మెతుకుల్లో చెప్పేశారు. "వేడి మీద అయితే ఎలా వుంటుందో" అని కూడా అన్నారు.

ఈసారి మాతో బయల్దేరారు. డెబ్బై ఎనిమిదేళ్లు. మోకాళ్ల నొప్పులు. శనివారం కనక గుడ్డు వద్దన్నారు. బండి దగ్గర మూకుడు తిప్పే కుర్రాడు నేపాలు వాడు, తెలుగు సగం సగం వచ్చు. ఆవిడ నుంచోలేక బండి కొయ్య పట్టుకోవటం చూసి, వెనకాల కూరగాయలు పోసుకున్న ప్లాస్టిక్ ట్రే ఒకటి ఖాళీ చేసి, బోర్లించి, తుడిచి, "అమ్మా, కూర్చో" అన్నాడు. అది మామిడికాయల ట్రే. నున్న మార్కెట్టుకి మా కాయ వెళ్లేది అలాంటి వాటిలోనే. ఆవిడ దాని మీద సింహాసనం ఎక్కినట్టు కూర్చుని, "మీ అమ్మకి తెలుసా నువ్వు ఇంత వంట చేస్తావని?" అని అడిగారు. వాడికి అర్థమైందో లేదో, నవ్వాడు.

ప్లేటు మొత్తం తిన్నారు. కొంగుతో మూతి తుడుచుకుని, "ఉప్పు సరిగ్గా వేశాడే" అన్నారు.

ముప్పయ్యేళ్లుగా వండి పెడుతున్నాను, నాకా మాట ఇంతవరకూ దక్కలేదు.