పండుకు పని చెప్పండి

మాదాపూర్ ఆఫీసుల్లో పుట్టినరోజు కేకు తెప్పించే బాధ్యత మామూలుగా టీంలో కొత్తగా చేరిన కుర్రాడి మీద పడుతుంది. వాడికి మొదటి వారంలోనే ఎవరో ఒకరు చెబుతారు: "ఏ ఫ్లేవరైనా తే, ఎగ్‌లెస్ మాత్రం మర్చిపోకు." కేకు పెట్టిన ఆ బల్ల చుట్టూ జోధ్‌పూర్ నుంచి వచ్చిన జైన అమ్మాయి ఉంటుంది. శనివారం నీసు ముట్టని నెల్లూరాయన ఉంటాడు. కార్తీకమంతా నిష్ఠగా ఉండే కరీంనగర్ ఆవిడ ఉంటుంది. ఏ వారమైనా ఏదైనా తినే నాలాంటివాళ్ళూ ఉంటారు. అందరి చెయ్యీ పళ్ళెంలో పడాలంటే గుడ్డే తప్పుకోవాలి. 1998లో వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించిన రోజున ఈ రాళ్ళగుట్టల మీదికి ఏమేం వస్తాయో ఎవరెలా ఊహించారో గానీ, దేశంలోని పథ్యాలన్నీ ఇక్కడ ఒక్క కేకు ముందు రాజీపడతాయని మాత్రం ఎవరూ అనుకుని ఉండరు.

చిక్కల్లా ఏమిటంటే, అలా తెచ్చిన కేకు తింటుంటే కూడా ఎక్కువసార్లు రాజీపడ్డట్టే ఉంటుంది. బేకరీల్లో చాలామంది వాడేది రెడీమేడ్ ప్రీమిక్స్. సంచిలోని పొడిలో నీళ్ళూ నూనే కలిపితే చాలు, మెత్తదనం సంగతి ఎమల్సిఫయర్ చూసుకుంటుంది. గుడ్డు వెయ్యనందుకు కిలోకి ఇంతని అదనంగా కూడా తీసుకుంటారు, అదేం లెక్కో! ఇక పండు అంటే పైన అలంకారం. ఎర్రగా మెరిసే ఆ చెర్రీల్లో చాలావరకు చక్కెర పాకంలో నానబెట్టి రంగేసిన వాక్కాయలు. రంగురంగుల టూటీఫ్రూటీ పచ్చి బొప్పాయి. 1953లో మొజంజాహి మార్కెట్ దగ్గర మొదలైన కరాచీ బేకరీ ఫ్రూట్ బిస్కెట్‌లో ఊరంతా ఇష్టంగా వెతుక్కునే ముక్కలు కూడా టూటీఫ్రూటీయే. అంటే మన కాయలే, కాకపోతే మారువేషంలో.

వేషం తీసేసి ఆ పండునే పనిలోకి దించాలని నా వాదన. గుడ్డు వదిలిపోయిన ఉద్యోగం ఖాళీగా ఉంది కదా.

గుడ్డు చేసే పని తక్కువది కాదు. గిలక్కొడితే గాలిని పట్టి ఉంచుతుంది. వేడి 60 డిగ్రీలు దాటాక గట్టిపడడం మొదలుపెట్టి ఆ గాలిగదులకు గోడలు కడుతుంది. సొనలోని లెసిథిన్ నూనెనీ నీటినీ విడిపోకుండా చూస్తుంది. ఇవన్నీ చేస్తూ తేమా రుచీ ఇస్తుంది. వీటిలో గాలి పని పెరుగూ వంటసోడా కలిసి చేస్తాయి. పెరుగులోని పులుపు తగలగానే సోడా కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. అందుకే పిండి కలిపాక ఫోనెత్తకూడదు, గిన్నె నేరుగా ఓవెన్‌లోకి పోవాలి. నేను ఎప్పుడూ మొదలుపెట్టే కొలత ఒకటుంది. ఒకటిన్నర కప్పు మైదా, కప్పు పెరుగు, ముప్పావు కప్పు చక్కెర, అర కప్పు నూనె, చెంచాంపావు బేకింగ్ పౌడర్, అర చెంచా వంటసోడా. ఓవెన్ 170 డిగ్రీల మీద ఉండాలి. ఓవెన్ లేనివాళ్ళు కుక్కర్ అడుగున ఉప్పు పరిచి, రబ్బరూ విజిలూ తీసేసి చేసుకోవచ్చు.

ఆ బేకింగ్ పౌడర్ వెనక ఒక ఇంటి కథ ఉంది. బర్మింగ్‌హామ్‌లో మందుల దుకాణం నడిపే ఆల్‌ఫ్రెడ్ బర్డ్ భార్యకు గుడ్డు పడేది కాదు. ఆవిడ కోసం 1837లో ఆయన మొక్కజొన్న పిండితో కస్టర్డ్ పొడి చేశాడు. ఆవిడకు ఈస్ట్ కూడా పడదు, దాంతో 1843లో బేకింగ్ పౌడర్ తయారుచేశాడు. ఎండాకాలం మనం చుట్టాలకు పెట్టే ఫ్రూట్ కస్టర్డూ, ఎగ్‌లెస్ కేకూ రెండూ ఆ ఒక్క ఇల్లాలి ఒంటికి పడని తిండి పుణ్యమే.

గాలి సంగతి సోడా చూసుకున్నాక మిగిలేది తేమ, మెత్తదనం, రుచి. ఇవి పండువి. గుజ్జులో ఉండే పెక్టినూ చక్కెరా నీటిని పట్టి ఉంచుతాయి. మామిడి రోజుల్లో పై కొలతలోని పెరుగు సగం తగ్గించి, కప్పు బంగినపల్లి గుజ్జును పొయ్యి మీద సగానికి ఇగరబెట్టి చల్లార్చి కలుపుతాను. ఇగరబెట్టకపోతే నీరెక్కువై కేకు నడుమ ముద్దగా ఉండిపోతుంది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బంగినపల్లిలో పీచు లేదు, అది దీనికి కలిసొస్తుంది. రసాలైతే వడకట్టాలి. అంత శ్రమ ఎందుకు, రసాలు జుర్రుకోవడానికే పుట్టాయి. హిమాయత్‌ను ఓవెన్‌లో పెట్టే ధైర్యం నాకు లేదు. ఆ ధరకు పచ్చిగా తినాల్సిందే.

అన్ని పళ్ళూ ఇంత సౌమ్యమైనవి కావు. పచ్చి అనాసలో బ్రొమిలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది పాలలోని ప్రొటీన్లను తెగ్గొడుతుంది, పెరుగుతోనో క్రీముతోనో కలిపి కాసేపు ఉంచితే చేదెక్కుతుంది. ముక్కల్ని చక్కెరతో ఉడికించేస్తే దాని ఆట కడుతుంది. బొప్పాయిదీ ఇదే తీరు. నేరేడు ఇంకో రకం అల్లరి చేస్తుంది. దాని ఊదారంగు పులుపులో ఎర్రబడుతుంది, సోడా ఎక్కువైతే నీలం కలిసిన బూడిదరంగులోకి తిరుగుతుంది. రుచి బాగానే ఉంటుంది, పిల్లలు మాత్రం దగ్గరికి రారు. సోడా చిటికెడు తగ్గించి నిమ్మరసం పిండితే రంగు నిలుస్తుంది.

సీతాఫలం దగ్గర కాసేపు ఆగాలి. మహబూబ్‌నగర్ వైపు బాలానగర్ పేరు ఆ పండులో ఒక రకానికే ఉంది. ఆశ్వయుజం నుంచి కార్తీకం దాకా కొండాపూర్, గచ్చిబౌలి రోడ్ల పక్కన గంపలు దిగుతాయి. కార్తీకంలోనే గుడ్డు మానేసేవాళ్ళూ ఎక్కువ, కాబట్టి సీతాఫలం ఎగ్‌లెస్ కేకుకు ఇంతకంటే మంచి ముహూర్తం ఉండదని ఎవరికైనా తోస్తుంది. కానీ సీతాఫలం గుజ్జుకు వేడి పడదు. గట్టిగా సెగ తగిలితే చేదెక్కి, గులాబీ కలిసిన గోధుమరంగుకు తిరుగుతుంది. కేకు ఉడికేసరికి దాని నడుమ వేడి 95 డిగ్రీలు దాటుతుంది, అక్కడ సీతాఫలం బతకదు. మొజంజాహి మార్కెట్‌లో సీతాఫలం ఐస్‌క్రీం అంత గొప్పగా ఉండడానికి కారణం, ఆ గుజ్జుది చల్లదనంలో రాణించే స్వభావం కావడమే.

కాబట్టి దాన్ని ఓవెన్‌లోకి పంపకుండా పని చెప్పాలి. యాలకుల పొడి వేసిన సాదా పెరుగు కేకు చేసి పూర్తిగా ఆరనివ్వాలి. గుడ్డు లేని కేకు వేడిమీద కోస్తే పొడిపొడిగా రాలుతుంది, ఆరితేనే గట్టిపడుతుంది. ఆరాక అడ్డంగా రెండుగా కోసి, గిలక్కొట్టిన క్రీములో గుజ్జు కలిపి మధ్యలో పరిచి ఫ్రిజ్‌లో పెట్టాలి. గింజలు తీయడానికి మాత్రం మిక్సీ దగ్గరికి వెళ్ళొద్దు. ఊళ్ళల్లో పేలు చావడానికి తలకు రాసేది ఆ గింజల పొడే, కంట్లో పడితే ప్రమాదం. జల్లెడలో వేసి గరిటె వెనకవైపుతో రుద్దితే గుజ్జు కిందికి దిగుతుంది, గింజలు పైన మిగులుతాయి. ఓపిక కావాలి. గంపల దగ్గర కూర్చున్న ఆవిడను అడిగితే కళ్ళు విచ్చుకున్న కాయలు ఏరి ఇస్తుంది. "రేపటికా, ఎల్లుండికా అమ్మా?" అని ముందే అడిగి మరీ ఇస్తుంది. ఆఫీసు అంతస్తుల్లో ఏసీ ఏడాది పొడుగునా ఒకే రుతువు నడిపిస్తుంటే, ఎప్పుడేం పండుతుందో ఈవిడ గంప చూసి తెలుసుకోవాల్సి వస్తోంది.

గుడ్డు లేకుండా పండుతో కేకా అని మనవాళ్ళు ఆశ్చర్యపోతుంటే నాకు నవ్వొస్తుంది. మా అమ్మమ్మది కోనసీమ. శ్రావణ భాద్రపదాల్లో తాటిపళ్ళు రాలితే పీచులోంచి గుజ్జు పిండి, బియ్యపు రవ్వ, బెల్లం, కొబ్బరి కలిపి, దళసరి మూకుట్లో మూతపెట్టి సన్నసెగ మీద తాటిరొట్టె కాల్చేది. అడుగు ఎర్రగా, లోపల మెత్తగా, ఇల్లంతా తాటిపండు వాసన. పండు గుజ్జు, పిండి, తీపి, కొవ్వు, నిదానమైన వేడి. ఎగ్‌లెస్ ఫ్రూట్ కేకుకు ఇంకేం కావాలి? దాని పక్కన కివీ ముక్క పెట్టుకున్న వెనిలా కేకు నాకు ఆనదు. నానక్‌రామ్‌గూడలో తాటిపండు దొరకడమే కష్టం, అది వేరే సంగతి.

పప్పుల విషయంలోనూ నాకో పంతం ఉంది. బేగంబజార్‌కు వెళితే బాదం, పిస్తా, అక్రోటు గుట్టలుగా ఉంటాయి, కాదనను. పలాస జీడిపప్పుకు సాటి లేదు. ఎండు ఖుబానీ కొన్నప్పుడు లోపలి గింజ పగలగొట్టి పప్పు తీసి కేకు మీద చల్లితే, ఖుబానీ కా మీఠా తిన్న నాలుక వెంటనే గుర్తుపడుతుంది. కానీ కేకులో వేయదగ్గ పప్పుల జాబితాలో పల్లీలు ఎందుకుండవు? వనపర్తి, గద్వాల వైపు పండేవే కదా. దోరగా వేయించి, పొట్టు ఊది, కచ్చాపచ్చాగా దంచి, చక్కెర బదులు బెల్లం వేసి చేస్తే పల్లీపట్టి రుచి కేకులోకి దిగుతుంది. చవకగా దొరుకుతాయన్న ఒక్క కారణంతో వాటిని చిన్నచూపు చూస్తున్నామని నా అనుమానం. ఆరోగ్యం పేరుతో పొద్దుతిరుగుడు పప్పు వేసేవాళ్ళకు ఒక హెచ్చరిక. సోడా తగిలితే అందులోని క్లోరోజెనిక్ ఆమ్లం ఆకుపచ్చగా మారుతుంది. తినడానికి భయం లేదు, చూసినవాళ్ళు మాత్రం బూజు పట్టిందనుకుంటారు.

ఇప్పుడు గేటెడ్ కాలనీల్లో ప్రతి బ్లాకుకూ ఒక హోమ్ బేకర్ ఉన్నారు. 2020లో లాక్‌డౌన్‌తో ఇంటిపట్టున ఉన్నప్పుడు మొదలుపెట్టినవాళ్ళే చాలామంది. అమ్మేవాళ్ళకు ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. ప్యాకెట్ మీద ఆకుపచ్చ గుర్తు వేయాలంటే గుడ్డు ఉండకూడదు, మన దేశపు లేబుల్ నిబంధనల్లో గుడ్డు మాంసాహారం కిందికే వస్తుంది. అయితే ఆకుపచ్చ గుర్తు ఉన్నంత మాత్రాన అందరూ తింటారనుకోకూడదు. ఆ సంగతి మా ఎదురు ఫ్లాట్ భాభీగారి వల్ల తెలిసింది. వాళ్ళు జైనులు. క్యారట్ కేకు ఎగ్‌లెస్సే, కానీ క్యారట్ దుంప, ఆవిడ తినరు.

క్రిస్మస్‌కు పండ్లు నానబెట్టే రోజులు కాబట్టి మొన్న జాబితా రాసుకుని ఆవిడ దగ్గరికే వెళ్ళాను. రమ్ ముందే కొట్టేశాను, దాని బదులు నాగపూర్ కమలాల రసం. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కొక్కటే చదివారు. కిస్‌మిస్, ఖర్జూరం, జీడిపప్పు, టూటీఫ్రూటీ అన్నీ దాటాయి. అంజీర్ దగ్గర వేలు ఆగింది. "ఇది మా ఇంట్లో నడవదు." తేనె కూడా నడవదు. అల్లం మురబ్బా కూడా కొట్టేశారు, అల్లం భూమిలోది కదా. "శొంఠి ఎండిపోయింది కాబట్టి పర్వాలేదు, అది వెయ్యి" అన్నారు. అంజీర్ బదులు ఖుబానీ పెంచాను, తేనె స్థానంలో బెల్లం పాకం రాశాను. పల్లీలు కూడా వేద్దామంటే ఆవిడ నవ్వి, "క్రిస్మస్ కేకులోనా?" అన్నారు. జాబితాలో అదొక్కటీ ఇంకా తేలలేదు.