వెలుగు ఆగిన చోటు

మోకాలి ఎమ్మారై చిత్రాన్ని ఎప్పుడైనా తీరిగ్గా చూశారా? ఒక్కసారి నా పక్కన కూర్చోండి. టీ1 అనే రకం చిత్రంలో తొడ ఎముక లోపలి మూలుగ, కొవ్వు నిండి, తెల్లగా, నిబ్బరంగా వెలుగుతుంది. దాని చుట్టూ కాటుక గీసినట్టు నల్లని ఎముక గోడ. ఆవల పాయలు పాయలుగా బూడిదవన్నె కండరాలు, వాటి సందుల్లో తెల్లని కొవ్వు జాలు. ఎక్స్‌రేలో ఎముకదే మాట. ఇక్కడ మెత్తనివన్నీ గొంతు విప్పుతాయి. కత్తి తాకకుండా, నీటిలో, కొవ్వులో ఉన్న హైడ్రోజన్ స్పందనతోనే ఇంత లోకం తెరుచుకుంటుందా!

ఆ వెలుగులోకి ఆస్టియోసార్కోమా చొరబడుతుంది. ఎదిగే వయసు పిల్లల్లో, ఎక్కువగా మోకాలి దగ్గరే పుట్టే ఎముక క్యాన్సర్ అది. తెల్లని మూలుగ వెలుగుతూ వెలుగుతూ వచ్చి, మసక నలుపు ఎదురుకాగానే ఆగిపోతుంది. నా చూపూ అక్కడే ఆగుతుంది. ఎంత తేటైన అంచు! కొవ్వును అణిచే స్టిర్ చిత్రంలోకి వెళితే అంతా తారుమారు: కొవ్వు చీకటిలో మునుగుతుంది, గడ్డ ధగధగా పైకి లేస్తుంది, దాని చుట్టూ వాపునీరు అంచు లేకుండా పలచగా పరుచుకుంటుంది. ఆ కాంతి గడ్డను ఉన్నదానికన్నా పెద్దది చేసి చూపగలదు. అందుకే మూలుగలో అసలు హద్దు కోసం మళ్లీ టీ1 దగ్గరికే వస్తాను. ఈ కీలు నుంచి ఆ కీలు దాకా ఎముకంతా చూస్తాను. ఎక్కడో దూరంగా మరో చిన్న నల్లమచ్చ పొంచి ఉండవచ్చు.

ఇప్పుడు అడ్డుకోత చిత్రం. మోకాలి వెనుక ధమని, పారే నెత్తురుతో నల్లని గుండ్రటి చుక్క. దానికీ గడ్డకూ నడుమ సన్నని తెల్లని కొవ్వు పొర. ఆ పొర చెక్కుచెదరకుండా కనిపించిన క్షణం, ఆహా! ఆ కాలు నిలుస్తుందన్న ఆశంతా అందులోనే ఉంది. ఎక్కడ కోయాలో, ఎంత మిగల్చాలో సర్జన్ ఈ హద్దులు చూసే నిర్ణయిస్తాడు. అందం ఇంతగా అక్కరకు వచ్చే చోటు మరొకటి నేనెరగను.

మామూలు కొవ్వు గడ్డ లైపోమాది మరో సొగసు. చర్మం కింది కొవ్వుతో కలిసి వెలుగుతుంది. కొవ్వును అణిచే చిత్రంలో దానితోపాటే ఆరిపోతుంది. గడ్డలన్నీ ఇంత సులువుగా గుట్టు విప్పవు. చాలావాటి పేరు సూదితో ముక్క తీసే బయాప్సీయే తేల్చాలి. ఆ సూది దిగకముందే ఎమ్మారై కావాలి, లేదంటే సూది వెంట చేరే నెత్తురూ వాపూ ఆ అంచులను చెరిపేస్తాయి. లోతుగా తగిలే గడ్డ, పెరుగుతున్న గడ్డ, 5 సెంటీమీటర్లు దాటిన గడ్డ ఏదైనా సరే, ఈ చిత్రం చూడకుండా కోయించుకోకండి.