నైట్ డ్యూటీలో ఎవరు?

ఆదివారం టీవీలో ఏదో పాత సినిమా. పిచ్చాసుపత్రి సీను. నలుగురు వార్డుబాయ్‌లు కమెడియన్‌ను మంచానికి కట్టేస్తుంటే వెనక కామెడీ మ్యూజిక్కు. చిరాకేసి టీవీ కట్టేశాను.

మా పైఅంతస్తు సిస్టర్‌గారు ఒక మానసిక వైద్యశాలలో పనిచేసి రిటైరయ్యారు. ఆవిడ దగ్గర వాపోయాను. "కట్టకపోతే ఎలాగండీ? వార్డంతటికీ రాత్రిపూట నేనూ, ఒక వార్డుబాయ్!" అన్నారు.

నా పాత పాట మీకు తెలిసిందే: పోస్టులు నింపకుండా సిబ్బందిని తిట్టొద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను పూర్తిగా నిషేధించింది. తక్షణ ప్రమాదం ఆపడానికి వేరే దారి లేనప్పుడు, సైకియాట్రిస్టు అనుమతితోనే కట్టాలంది. సిబ్బంది చాలడం లేదన్న కారణం ఒక్కటే అయితే చెల్లదని 97వ సెక్షన్ చెబుతోంది. మనుషుల్ని ఇవ్వకుండా ఈ షరతేమిటని నేను అందుకోబోతుంటే ఆవిడే అడ్డొచ్చారు.

"అలాగని అందరూ కట్టేవాళ్లు కాదులెండి. మాకో సీనియర్ సిస్టర్ ఉండేవారు. ఆవిడ డ్యూటీలోనూ అదే వార్డు, అంతే మంది. కట్టే గుడ్డ బయటికొచ్చేది కాదు. ఎవరైనా విసవిసా తిరగడం మొదలెట్టగానే పక్కన చేరి, అన్నం తిన్నావా, ఇంటి దగ్గర్నుంచి ఎవరైనా వచ్చారా అని మాటల్లో పెట్టేసేవారు. మాకు అంత ఓపికేదీ? ఒకసారి తన్ను తిన్నాక, గట్టిగా అరిస్తే చాలు, చేయి గుడ్డ మీదికి పోయేది."

చీల్చిన బ్యాండేజీని మణికట్టుకు ఎలా చుట్టేవారో తన చున్నీతో చూపించారు. ముడేశాక కింద రెండు వేళ్లు దూర్చి చూసేవారట, చెయ్యి నీలం తిరక్కుండా. "నిజం చెప్పాలంటే, సగంసార్లు మా భయానికే కట్టాం."

నాకు ప్యుసాన్ గుర్తొచ్చాడు. పారిస్‌లో రోగుల సంకెళ్లు తెంచిన ఘనత డాక్టర్ పినెల్‌ది అంటారు. పెద్ద తైలవర్ణ చిత్రం కూడా వేశారు. కానీ బిసెత్ర్ ఆసుపత్రిలో 1797లో గొలుసులు తీయించింది అక్కడి వార్డు చూసుకునే ప్యుసాన్. పినెల్ అప్పటికే వేరే ఆసుపత్రికి వెళ్లిపోయాడు. (పని కిందివాళ్లది, పటం పైవాళ్లది. ఇదీ నా పాత గోలే.) గండమాలతో అదే ఆసుపత్రిలో రోగిగా చేరి, నయమై, ఉద్యోగిగా ఉండిపోయిన మనిషతను. రోగుల మీద చేయి చేసుకోవద్దని పనివాళ్లను కట్టడి చేశాడు. కోలుకున్నవాళ్లనే పనిలోకి తీసుకున్నాడు. గొలుసుల బదులు చేతులు కదలని గుడ్డ చొక్కాలు తొడిగించాడన్నదీ నిజమే.

పోస్టులు నింపమని అడగడం మానను. కానీ అవన్నీ నిండినా, భయపడే చేతులు గుడ్డ కోసమే వెతుకుతాయి. మీవాళ్లెవరైనా వార్డులో ఉంటే గుర్తుంచుకోండి: చట్టం ప్రకారం, కట్టిన ప్రతిసారీ 24 గంటల్లోగా రోగి తరఫు నామినేటెడ్ ప్రతినిధికి చెప్పాలి. ఎందుకు కట్టారో, ఎంతసేపో కేస్‌షీట్‌లో రాయాలి. ఎవరూ చెప్పకపోతే మీరే వెళ్లి అడగండి.