కాటిసీనులో ఎవరి కోసం ఏడుస్తున్నాం?

కర్నూల్లో పద్యనాటకం చచ్చిపోలేదు. చచ్చిపోయిందని వాపోయే పెద్దలు ఒక్కసారి ఇక్కడి హాళ్లలో వెనక వరుసలో కూచుని చూడాలి. కాకపోతే హరిశ్చంద్ర నాటకాన్ని తెల్లవార్లూ ఆడేది తగ్గింది. పోటీల్లోనైనా, సన్మానసభల్లోనైనా ఎక్కువగా ఆడేది కాటిసీను ఒక్కటే. గోచీ, తలగుడ్డ, భుజాన కర్రతో హరిశ్చంద్రుడు వచ్చి రాగం తీస్తాడు. హాలంతా చప్పుడుండదు. పద్యం అయిపోగానే 'వన్స్‌మోర్'.

ఈమధ్య నగరంలో అట్లాంటి కార్యక్రమం ఒకటి చూశాను. హాలు పేరు, సంస్థ పేరు రాయడం లేదు. అందరికీ ఉన్న అలవాటును ఒకరి నెత్తిన రుద్దడం ఎందుకు? గేటు దగ్గర నలుగురు తప్పెట కొడుతున్నారు. (డప్పును మా పల్లెల్లో తప్పెట అనే అంటారు.) ముఖ్య అతిథి కారు దిగాడు. ఒకాయన తప్పెట తీసుకుని భుజానికి తగిలించుకుని రెండు దెబ్బలు కొట్టాడు. ఫోటోలు తీశారు. తప్పెట తిరిగిచ్చేసి ఆయన లోపలికి పోయాడు, వాళ్లు గేటు దగ్గరే ఉండిపోయారు. అందులో పెద్దాయన్ని అడిగాను.

"లోపలికి రావా చిన్నాయనా, కాటిసీను ఆడ్తుండారంట."

"యాడ కూచునేదప్పా? అయినా అది మాకు కొత్తగా జూపిచ్చేదేముంది, గుంతలు తవ్వేది మేమే గదా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

మర్నాడు ఒక పత్రిక జిల్లా పేజీలో వార్త వచ్చింది. అతిథి పేరు, అధ్యక్షుడి పేరు, నటుల పేర్లు, హార్మోనిస్టు పేరు, శాలువా కప్పిన వాళ్ల పేర్లు వరసగా ఉన్నాయి. తప్పెట వాళ్ల గురించి ఉన్నది ఒక్క ముక్క: డప్పు వాయిద్యాలతో ఘనస్వాగతం. వాయిద్యాలు వాటంతట అవే మోగినట్లుంది. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక తక్కిన పత్రికలూ అదే బాట పట్టాయి. వీధిలో జరిగే చిన్న సభ కూడా వార్త అయింది, మామూలు మనిషి పేరు అచ్చులో చూసుకున్నాడు. మంచిదే. కానీ ఆ వార్త రాసే కుర్చీలో ఎవరు కూచున్నారన్న ప్రశ్న మిగిలే ఉంది. 1996లో బి.ఎన్. ఉనియాల్ ఢిల్లీలో దళిత జర్నలిస్టు కోసం వెతికి, ఒక్కరూ కనిపించలేదని 'పయనీర్'లో రాశాడు. ఆ ప్రశ్నను మన జిల్లా పేజీల దాకా తెచ్చి అడగాల్సిన పని ఇంకా ఉంది. మన పెద్దాయన 'కళాకారుడు' అయ్యేది పింఛను రిజిస్టర్లో. 50 ఏళ్లు నిండిన డప్పు కళాకారులకు 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు. పింఛనుకు కళాకారుడైనవాడు సభకు వచ్చేసరికి స్వాగత ఏర్పాట్లలో ఒక సామానయ్యాడు.

ఇంక నాటకంలోకి వద్దాం. హరిశ్చంద్రుడి కథలో కన్నీళ్లు ఎక్కడ పుడతాయి? రాజ్యం పోయినందుకు కొంత ఏడుస్తాం. ఆలుబిడ్డల్ని అమ్ముకున్నందుకు ఇంకొంత. కానీ హాలు బద్దలయ్యేది రాజు చండాలుడికి అమ్ముడుపోయి కాటి దగ్గర సుంకం అడిగేచోట. అంటే మనిషికి రాగల ఆపదల్లోకెల్లా పెద్దది ఏదని ఈ నాటకం చెబుతోంది? మా తాతలు ఊహ తెలిసిన్నాటి నుంచి చేసిన పని చెయ్యాల్సి రావడం. రాజు కొన్నాళ్లు చేస్తే అది విషాదం. మావాళ్లు తరతరాలు చేస్తే కులవృత్తి. గాంధీ చిన్నప్పుడు హరిశ్చంద్ర నాటకం చూసి ఏడ్చానని ఆత్మకథలో రాసుకున్నాడు. 1913లో ఫాల్కే తన మొదటి సినిమాకు ఈ కథనే ఎంచుకున్నాడు. సత్యం కోసం ఏడుస్తున్నాననే ఈ దేశం అనుకుంది. సత్యం మాట నిజమే. కానీ ఆ కన్నీళ్లలో కులం పాలెంత అని ఎవరూ లెక్కగట్టలేదు.

రాజును కొన్న వీరబాహు సంగతి చూడండి. నేను చూసిన ప్రదర్శనల్లో వీరబాహు తూలుతూ వస్తాడు, వాడ యాసలో మాట్లాడి నవ్విస్తాడు. రాజుకు గ్రాంథికం, పద్యం. యజమానికి యాస, కల్లుకుండ. మూలానికి పోతే ఇంకో ఘోరం. మార్కండేయ పురాణంలో ఆ చండాలుడు చివరికి ధర్ముడని తేలుతుంది. రాజును కొనగల స్థోమత, మాట మీద నిలబడే గుణం నిజమైన చండాలుడికి ఉంటాయంటే పురాణం ఒప్పుకోదు. అందుకని దేవుడే ఆ వేషం కట్టాల్సి వచ్చింది. కథ ముగిసేసరికి రాజు రాజయ్యాడు, చండాలుడు దేవుడయ్యాడు. కాటికాపరి అన్నవాడే కథలో మిగల్లేదు.

'చింతామణి'లో సుబ్బిశెట్టి పాత్ర తమను అవమానిస్తోందని ఆర్యవైశ్య సంఘాలు అభ్యంతరం చెబితే 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఆ నాటకాన్నే నిషేధించింది. నిషేధాలతో నాకు పని లేదు, హరిశ్చంద్రను ఆపమని అడగబోవడం లేదు. కానీ సుబ్బిశెట్టి గురించి అంత ఆలోచించిన రంగస్థల పెద్దలకు వీరబాహు గురించి చిన్న అనుమానమైనా రాలేదే, అది అడగాలి కదా.

అన్నిటికన్నా నన్ను ఇబ్బంది పెట్టేది జాషువా సంగతి. కాటిసీనులో జనం ఎక్కువగా వన్స్‌మోర్ కొట్టే పద్యాలు బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకంలోవి కావు. అవి గుర్రం జాషువా 'శ్మశానవాటి'లోవి. నటులు తెచ్చి కలుపుకున్నారు, జనం మెచ్చారు, అక్కడే ఉండిపోయాయి. మాదిగ తల్లి కడుపున 1895లో వినుకొండలో పుట్టి, కులం పేరుతో సభల్లో అవమానాలు పడ్డ కవి రాసిన పద్యాలను క్షత్రియ రాజు నోట విని హాలంతా తలలూపుతుంది. ఆ రోజు వ్యాఖ్యాత అందరికీ కృతజ్ఞతలు చెప్పాడు, జాషువా పేరు మాత్రం ఎత్తలేదు. నా పక్కనున్న డిగ్రీ విద్యార్థి అవి బలిజేపల్లివే అనుకుంటున్నాడు.

పేరు చెప్పకపోవడం ఒక్కటే అయితే చెప్పించి ఊరుకోవచ్చు. నోరు మారితే పద్యం అర్థమే మారిపోయింది. శ్మశానంలో అంటరానితనానికి చోటు లేదన్న భావం గల పద్యం ఒకటుంది అందులో. ఆ మాట జాషువా అంటే ఊరి మీద ఫిర్యాదు. బతికున్నన్నాళ్లూ ఊళ్లో ఎక్కడా దొరకనిది చచ్చాక ఇక్కడ దొరికిందని చెప్పడం. అదే మాట కిరీటం పోయిన రాజు అంటే వేదాంతం అవుతుంది. 'అందరం పోయేవాళ్లమే' అని ప్రేక్షకుడు నిట్టూర్చి, మనసు తేలికచేసుకుని ఇంటికి పోతాడు. ఫిర్యాదు వైరాగ్యమైపోయింది.

జాషువాతోనూ ఒక పేచీ ఉంది. ఆయన చెప్పిన ఆ శ్మశానం మా ఊళ్లలో ఏదీ? పెద్దకులాల వాళ్లది ఒకచోట, మాలలది ఒకచోట, మాదిగలది వంక ఒడ్డున. వానాకాలంలో మోకాటిలోతు నీళ్లలో పాడె మొయ్యాల. కర్నూలు కలెక్టరేట్‌లోని సునయన ఆడిటోరియంలో సోమవారం అర్జీలు తీసుకుంటారు. శ్మశానానికి జాగా, శ్మశానానికి దారి అడిగే కాగితాలు పట్టుకుని మన పల్లెల వాళ్లు వరసలో నిలబడతారు. 1989 నాటి అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం దళితుల చేత శవాలు మోయించడం, గుంతలు తవ్వించడం నేరం. ఉమ్మడి శ్మశానాన్ని వాడుకోనివ్వకపోవడం నేరం. చట్టం నేరమన్న పనిని వేదిక మీద 'విధి' అని పాడుతున్నారు. నాటకపోటీల న్యాయనిర్ణేతలు శ్రుతి, లయ, ఆహార్యం చూసి మార్కులేస్తారు. ఈ సంగతికి మార్కులెక్కడ?

అట్లని కాటిసీనును వాళ్లకే వదిలేద్దామా? నాకు మనసొప్పదు. మా గేరిలో నా చిన్నప్పుడు మావాళ్లే హరిశ్చంద్ర ఆడేవాళ్లు. హార్మోనియం ఆదోని నుంచి బాడుగకు తెచ్చేవాళ్లు. వీరబాహు వేషం కట్టే మామ నిజంగానే గుంతలు తవ్వేవాడు. ఆయన తూలుతూ వచ్చేవాడు కాదు. ఇంట్లో ఉండే గడ్డపార, తట్ట తెచ్చుకుని, హరిశ్చంద్రుడి చేతికిచ్చి, నేల యాడ మెత్తగుంటుందో, గుంత ఎంత లోతు తియ్యాల్నో, రాయి తగిల్తే ఏం చెయ్యాల్నో చెప్పేవాడు. పుస్తకంలో లేని ఆ మాటలు చాలాసేపు నడిచేవి. రాజు వేషగాడు పద్యం ఎత్తుకోకుండా నిలబడి వినేవాడు. ముందు వరసలో ముసలమ్మలు ఎవరూ నవ్వేవాళ్లు కాదు.