ఇల్లు మారిన సినిమా, మారని పలుకు

ఒక ప్రాంతపు సినిమా పరిశ్రమ క్షీణించిందనీ, మళ్ళీ కోలుకుందనీ చెప్పేటప్పుడు సాధారణంగా స్టూడియోలనూ, వసూళ్ళనూ లెక్కలోకి తీసుకుంటారు. భాషా విద్యార్థులకు ఈ కొలమానం చాలదు. తెర మీద ఎవరి మాట వినిపించింది, ఎవరి మాట వినిపించకుండా పోయింది అన్నదీ చూడాలి. హోసూరు, కృష్ణగిరి తెలుగువారికి ఈ ప్రశ్న మరీ దగ్గరిది. తమిళాన్ని తప్పనిసరి చేస్తూ 2006లో తమిళనాడులో చట్టం వచ్చాక బడిలో తెలుగుకు చోటు కుదించుకుపోయింది. ఇంటి గడప దాటాక తెలుగు గట్టిగా వినిపించే చోటు ఇక్కడి పిల్లల్లో చాలామందికి సినిమాయే.

ముందుగా మన పక్కనున్న ఉదాహరణ చూద్దాం. 1965లో ధర్మపురి జిల్లా ఏర్పడే దాకా ఈ రెండు ఊళ్ళూ సేలం జిల్లాలోనివే. ఆ సేలంలో టి.ఆర్. సుందరం 1935లో మోడరన్ థియేటర్స్ స్థాపించారు. తొలి మలయాళ టాకీ ‘బాలన్’ (1938) ఆ సంస్థ తీసిందే. పెద్ద నగరానికి దూరంగా, ఒక జిల్లా కేంద్రంలో, పలు భాషల చిత్రాలు అక్కడ తయారయ్యాయి. 1963లో సుందరం మరణించారు. ఆ తర్వాత కొంతకాలం నడిచినా సంస్థకు పూర్వవైభవం నిలవలేదు. నేడు మిగిలింది ముఖద్వారపు తోరణమే. ఒక్కరి దక్షత మీద నిలిచిన పరిశ్రమ ఆ ఒక్కరితోనే వాడిపోవడం ఇందులోని పాఠం.

తెలుగు సినిమా కథ వేరు. రాజమండ్రిలో 1936 నాటి దుర్గా సినీటోన్ నిలదొక్కుకోలేకపోయింది. పెట్టుబడి, యంత్రాలు, నిపుణులు అన్నీ మద్రాసులోనే ఉండటంతో పరిశ్రమ అక్కడే వేళ్ళూనింది. ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) మద్రాసు తెలుగువారి సృష్టి. పింగళి నాగేంద్రరావు పుట్టించిన మాటలు తెలుగువాళ్ళందరివీ అయ్యాయి. అయితే పరాయి నగరంలో పుట్టిన ఆ భాషకు కూడా కోస్తా చదువరుల పలుకుబడే పునాది. తక్కిన యాసలకు దక్కినవి ఎక్కువగా నవ్వించే పాత్రలే.

హైదరాబాదుకు తరలింపు ఒక్కరోజులో జరగలేదు. సారథి స్టూడియోలో తయారైన ‘మా ఇంటి మహాలక్ష్మి’ 1959లో వచ్చింది. అన్నపూర్ణ స్టూడియోస్ 1976లో, రామోజీ ఫిలిం సిటీ 1996లో వెలిశాయి. మద్రాసులో విజయా వాహినీ ఆవరణ చివరకు ఆసుపత్రికీ, మాల్‌కూ స్థలమైంది. దీన్నే పునరుజ్జీవనం అన్నారు. కట్టడాల వరకు అది నిజం. పలుకు మాత్రం పాతదే. హైదరాబాదుకు వచ్చిన సినిమా, హైదరాబాదు చుట్టుపక్కల ప్రజల మాటను చాలాకాలం హాస్యానికో, దుష్టపాత్రకో వదిలేసింది. ‘మా భూమి’, ‘దాసి’ వంటి చిత్రాలు అరుదైన మినహాయింపులు.

నిజమైన మార్పు ఈ మధ్యది. ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018) విశాఖ పేటలోని మామూలు మనుషులనే నటులను చేసింది. ‘బలగం’ (2023) తెలంగాణ పల్లెలో ఒక చావు చుట్టూ కథ నడిపి, ఆ పలుకుతోనే అందరినీ ఏడిపించింది. ‘పుష్ప’ (2021) చిత్తూరు యాసను అగ్రనటుడి నోట పలికించింది. మేలే, కానీ అక్కడ యాస కథానాయకుడి ఠీవికి తొడిగిన వేషం.

మన దృష్టితో చూస్తే వీటన్నిటికన్నా విలువైనది ప్రవీణ్ కండ్రేగుల తీసిన ‘సినిమా బండి’ (2021). ఆంధ్ర–కర్ణాటక సరిహద్దు పల్లెలో ఒక ఆటో డ్రైవరుకు ఎవరో మరచిపోయిన ఖరీదైన కెమెరా దొరుకుతుంది. ఊళ్ళో పెళ్ళి ఫొటోలు తీసేవాడినీ, మంగలినీ, కూరగాయలమ్మే అమ్మాయినీ కలుపుకొని సినిమా తీయబోతాడు. ఇందులో నవ్వు యాస మీద పుట్టదు. చూసిన సినిమాలను అనుకరించబోయి వాళ్ళు పడే పాట్ల నుంచి పుడుతుంది. తమ మాటలో తాము ఉన్నంతసేపూ ఆ మనుషులు నిండుగా కనిపిస్తారు. సినిమా పోకడకు పోయినప్పుడే తడబడతారు. పెద్ద పరిశ్రమ మీద ఇంతకన్నా మృదువైన, పదునైన విమర్శ ఇటీవల రాలేదు. ఒక చేదు నిజం కూడా ఇందులో ఉంది: కథ ఊరిదే, పనిముట్టు పరాయిది.

పనిముట్టు కొరత ఇప్పుడు కొంత తీరింది. ఫోనులో కెమెరా ఉంది. చిత్రం చూపడానికి నెట్‌ఫ్లిక్స్ లాంటి వేదికలూ ఉన్నాయి. ‘సినిమా బండి’ వచ్చింది అందులోనే. కొరత ఉన్నది మాటకు. ‘ఉండాది’, ‘ఆడ’, ‘ఈడ’ అనే మన పలుకును బెంగుళూరు బస్సెక్కగానే దాచుకుంటున్నాం. హోసూరు కథకులు ఆ పలుకును కథల్లో నిలబెట్టారు. వాటిని సంభాషణలుగా మలచడం, అవ్వల నోటి మాటలను సేకరించడం ఇక్కడి విద్యార్థులు చేయదగిన పని. సంభాషణ రాసుకోని పలుకుకు ఎంత గొప్ప కెమెరా దొరికినా మూకీయే మిగులుతుంది.